మేక ఈనేటప్పుడు ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు చెయ్యి వేయాలి?

ప్రశ్న: ఇంటి పాల కోసం రెండు మేకలు పెంచుకుంటున్నాం. పోయినసారి చిన్న మేక తొలిచూలు ఈనేటప్పుడు పిల్ల తల, ఒక కాలు కనిపించి ఆగిపోయాయి. రాత్రిపూట డాక్టరు దొరకలేదు. నేను, మా ఆయన కలిసి ఆ కాలు పట్టుకుని గట్టిగా లాగాం. పిల్ల చచ్చి బయటపడింది. మేకకు లోపల చిరిగి చాలా రోజులు బాధపడింది. అదే మేక ఇప్పుడు మళ్లీ చూడితో ఉంది, నాలుగు నెలలు నిండాయి. మా కోడలే దాన్ని చూసుకుంటోంది. ఆ అమ్మాయికి కూడా ఇప్పుడు ఐదో నెల. ఈసారి మేం ఏం చేయాలి? ఎప్పుడు లాగాలి, ఎప్పుడు ఊరుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. మీ కోడలిని ఈ ఈతకు దూరంగా ఉంచండి. ఈ రోజు నుంచే ఆ మేక పని ఇంట్లో ఇంకొకరు చూసుకోండి. మేక ఈనేటప్పుడు కారే ఉమ్మనీరు, రక్తం, మాయ, చచ్చి పుట్టిన పిల్ల, వీటి ద్వారా బ్రుసెల్లోసిస్, క్యూ ఫీవర్, టాక్సోప్లాస్మోసిస్, లిస్టీరియోసిస్ లాంటి జబ్బులు మనుషులకు అంటుకోవచ్చు. గర్భిణికి సోకితే కడుపులోని బిడ్డకు ప్రమాదం, గర్భస్రావం కూడా కావచ్చు. మేక పైకి ఆరోగ్యంగానే కనిపిస్తున్నా లోపల ఆ క్రిములు ఉండే అవకాశం ఉంది. కాబట్టి పురుడు పోయడమే కాదు, తడి పిల్లను ఎత్తుకోవడం, తడిసిన గడ్డి తీయడం, ఆ పనిలో మీరు వేసుకున్న బట్టలు ఉతకడం కూడా ఆ అమ్మాయి చేయకూడదు. పాలు కాచకుండా తాగకూడదు. మేకను ప్రేమగా సాకుతున్న పిల్లకు ఈ మాట చెప్పడం కష్టమే. అయినా చెప్పండి. మిగతా వాళ్లు కూడా గ్లౌజులు లేకుండా మాయను, ఉమ్మనీటిని ముట్టుకోవద్దు.

ఇక పోయినసారి జరిగిన దాని గురించి. గొర్రె, మేక పిల్లలు మామూలుగా ముందు కాళ్లు రెండూ చాపి, వాటి మీద మూతి ఆనించి బయటకు వస్తాయి. కుక్క ముందు కాళ్ల మీద గడ్డం పెట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది ఆ భంగిమ. అలా వస్తే తల, భుజాలు ఒకదాని వెనక ఒకటి సన్నగా సర్దుకుంటాయి. మీ పిల్లకు ఒక కాలు వెనక్కి మడతపడి ఉండిపోయింది. అప్పుడు మడిచిన భుజం తల్లి కటి ఎముకకు అడ్డం పడుతుంది. పైగా తొలిచూలు కాబట్టి దారి ఇరుకు. ఎంత బలంగా లాగినా ఆ భుజం ఇంకా బిగుసుకుంటుందే తప్ప రాదు. మీరు లాగిన బలం చాలక కాదు, లోపల ఉన్న కాలును సర్దకుండా లాగడం వల్లే అలా జరిగింది. ఆ రాత్రి ఈ సంగతి మీకు చెప్పేవాళ్లు లేరు. దాన్ని మీ తప్పుగా మనసులో పెట్టుకుని కుమిలిపోకండి.

ఈసారి మీ చేతిలో దాదాపు ఒక నెల ఉంది. మేక చూడి కాలం సుమారు 150 రోజులు. పోతుతో కలిసిన తేదీ రాసుకుని ఉంటే 145వ రోజు నుంచి కనిపెట్టుకుని ఉండండి. చిటుక రోగం, ధనుర్వాతం టీకాలు ఈనడానికి 4 వారాల ముందు వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకు అందుతుంది, అంటే వేయించాల్సిన సమయం ఇప్పుడే. పశువైద్యుడు వచ్చినప్పుడు పోయినసారి చిరిగిన సంగతి చెప్పి, ఆ చోట మచ్చ కట్టి దారి బిగుసుకుందేమో ఒకసారి చూడమని అడగండి. రాత్రిపూట ఎవరిని పిలవాలో, ఆయన రాలేకపోతే ఇంకెవరు వస్తారో కూడా అప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. పోయినసారి మీకు అన్నిటికన్నా లోటు అయింది అదే.

మేత విషయంలో ఒక్క జాగ్రత్త. పిల్ల బరువులో ఎక్కువ భాగం ఆఖరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. కడుపులో పిల్లలు చోటు ఆక్రమించుకోవడంతో మేక ఒకేసారి ఎక్కువ తినలేదు. కాబట్టి దాణాను కొద్దికొద్దిగా పెంచుతూ రోజులో రెండు మూడు సార్లుగా ఇవ్వండి. ఒక్కసారిగా ఎక్కువ గింజలు పెడితే అజీర్తి చేస్తుంది. ఈ దశలో మేక మేత మానేసి, మందకొడిగా ఒక మూల నిలబడితే రేపు చూద్దాంలే అనుకోవద్దు. అది చూడి మేకలకు తిన్న మేత శక్తి చాలక వచ్చే కీటోసిస్ అనే జబ్బు కావచ్చు. ముఖ్యంగా కవలలు ఉన్నప్పుడు వస్తుంది, ఆలస్యమైతే తల్లి కూడా దక్కదు. ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఈనడానికి గాలి కొట్టని, పొడిగా ఉన్న చోటు కావాలి. అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు చాలు. శుభ్రమైన ఎండు గడ్డి పరచండి. నీళ్ల బకెట్ లోపల పెట్టకండి. మేక బకెట్ దగ్గర నిలబడి ఈనితే పిల్ల నేరుగా అందులో పడి మునిగిపోతుంది. సబ్బు, గోరువెచ్చని నీళ్లు, గ్లౌజులు, పశువైద్యులు వాడే జారుడు జెల్, పాత మెత్తటి బట్టలు, టింక్చర్ అయోడిన్, శుభ్రమైన దారం, కత్తెర, టార్చిలైటు ఒక డబ్బాలో సర్ది పెట్టుకోండి. గడియారం మాత్రం తప్పకుండా దగ్గర ఉండాలి. టెన్షన్‌లో పది నిమిషాలు గంటలా అనిపిస్తాయి, ఒక్కోసారి గంట పది నిమిషాల్లా గడిచిపోతుంది.

తోక మొదట్లో రెండు పక్కలా పెన్సిల్ లావున గట్టి నరాల్లా తగిలేవి ఉంటాయి. ఇప్పటి నుంచే రోజూ ఒకసారి వేళ్లతో తడిమి చూడండి. అవి మెత్తబడి చేతికి తగలకుండా పోతే సాధారణంగా ఒక రోజులో ఈనుతుంది. పొదుగు నిండి నిగనిగలాడుతుంది. మేక మందకు దూరంగా వెళ్లడం, కాలితో నేల గీరడం, లేచి పడుకుని మళ్లీ లేవడం, సన్నగా అరవడం మొదలుపెడుతుంది. ఇది గర్భాశయ ముఖద్వారం తెరుచుకునే దశ. కొన్ని గంటలు పడుతుంది, 12 గంటల దాకా పట్టవచ్చు. ఈ సమయంలో మీరు చేయాల్సింది ఏమీ లేదు, దూరం నుంచి చూస్తూ కూర్చోవడమే. చుట్టూ జనం గుమిగూడితే మేక బెదిరి నొప్పులు ఆపుకుంటుంది. 12 గంటలు దాటినా ముక్కడం మొదలుకాకపోతే మాత్రం డాక్టరును పిలవండి.

ఆ తర్వాత మేక పడుకుని కాళ్లు చాపి గట్టిగా ముక్కుతుంది. గడియారం చూడాల్సింది ఇక్కడి నుంచి. గట్టిగా ముక్కడం మొదలైన అరగంటలో నీటి బుడగ గానీ, కాళ్లు గానీ కనిపించాలి, పని ముందుకు జరుగుతూ ఉండాలి. రెండు గిట్టలు, వాటి మీద మూతి కనిపించి, ముక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం బయటకు వస్తుంటే చెయ్యి వేయొద్దు. ముక్కినప్పుడు బయటకు వచ్చి ఆపినప్పుడు కాస్త లోపలికి పోవడం మామూలే. తొందరపడి లాగితే ఇంకా పూర్తిగా తెరుచుకోని దారి చిరుగుతుంది. అరగంట పాటు ముక్కినా ఏమీ కనిపించకపోయినా, కనిపించింది అక్కడే ఆగిపోయినా అప్పుడిక చూస్తూ కూర్చోవద్దు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన వచ్చేలోగా లోపల ఏం ఉందో తడిమి చూడవచ్చు.

గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు, గాజులు తీసేసి, మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, గ్లౌజుకు జెల్ బాగా పట్టించి, వేళ్ల కొనలన్నీ దగ్గరకు చేర్చి కోసుగా చేసి, మేక ముక్కడం ఆపినప్పుడే నెమ్మదిగా చెయ్యి పోనివ్వండి. ఇంట్లో ఎవరి చెయ్యి చిన్నదో వాళ్లే చేయాలి. చేతికి కాలు తగిలితే అది ముందుదా వెనకదా చూసుకోండి. గిట్ట పైన ఉన్న కీలు, దాని పైన మోకాలు రెండూ ఒకే వైపు మడిస్తే ముందు కాలు. ఒకటి ఇటు, ఒకటి అటు మడిస్తే వెనక కాలు.

నా ఉద్యోగం కొత్తలో ఒక మేకకు రెండు కాళ్లు చేతికి దొరకగానే హమ్మయ్య అనుకుని లాగాను. పిల్ల రాలేదు. మళ్లీ తడిమితే ఆ రెండు కాళ్లు రెండు వేరు వేరు పిల్లలవి. అదృష్టం కొద్దీ ఒకదాన్ని వెనక్కి నెట్టి రెండోదాన్ని ముందు తీయగలిగాను. అప్పటి నుంచి ఏ కాలునైనా భుజం దాకా, అక్కడి నుంచి మెడ దాకా, మెడ నుంచి రెండో భుజం దాకా వేలితో తడుముకుంటూ వెళ్లి, అన్నీ ఒకే పిల్లవని తేలాకే లాగుతాను. మీరూ అంతే చేయండి.

పోయినసారి లాగా తల, ఒక కాలు మాత్రమే వస్తే మొదట చేయాల్సింది లాగడం కాదు, వెనక్కి నెట్టడం. ముక్కడం ఆగిన క్షణంలో పిల్ల తలను అరచేత్తో మెల్లగా కొంచెం లోపలికి నెట్టండి. మేక ముక్కుతుంటే ఎదురు నెట్టకూడదు, గర్భసంచి చిరగవచ్చు. చోటు దొరికాక మెడ పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, మడతపడిన కాలి మోకాలి వెనక వేలు కొక్కెంలా పెట్టి ముందుకు తీసుకోండి. గిట్ట తిరిగి వచ్చేటప్పుడు దాన్ని మీ అరచేతిలో దాచుకోవాలి, లేకపోతే దాని కొన గర్భసంచి గోడను గీరుతుంది. రెండు కాళ్లూ ముందుకు వచ్చాక మేక ముక్కినప్పుడే, దానితో పాటే, కిందికి, అంటే మేక వెనక మోకాళ్ల వైపుకు లాగండి. నేరుగా వెనక్కి లాగొద్దు. ఒక కాలు కొంచెం, తర్వాత ఇంకో కాలు కొంచెం లాగితే భుజాలు ఒక్కొక్కటిగా దాటుతాయి. మేక ఆగితే మీరూ ఆగండి.

గిట్టల అడుగు భాగం పైకి తిరిగి ఉండి, వెనక కాళ్లు ముందు వస్తుంటే అది కూడా సహజంగా ఈనగలిగే పద్ధతే. తిప్పే ప్రయత్నం చేయొద్దు. కాకపోతే పిల్ల తుంటి భాగం బయటపడ్డాక ఆలస్యం చేయకూడదు. అప్పటికి బొడ్డుతాడు నొక్కుకుపోతుంది, తల ఇంకా లోపలే ఉండడంతో పిల్ల ఉమ్మనీటిని పీల్చుకుంటుంది. ఆగకుండా నిదానంగా లాగి తీసేయాలి.

తోక మాత్రమే తగిలినా, తల వెనక్కి తిరిగి ఉన్నా, ముఖద్వారం రెండు వేళ్లకు మించి తెరుచుకోకపోయినా, కంపు కొట్టే ముదురు రంగు ద్రవం వస్తున్నా మీరు ప్రయత్నించకండి, అది డాక్టరు పని. మీరు సర్దగలిగిన కాలైనా 10, 15 నిమిషాల్లో రాకపోతే చెయ్యి తీసేయండి. ఎంతసేపు కెలికితే లోపల అంత వాస్తుంది, తర్వాత డాక్టరు చేతికి కూడా చోటు ఉండదు. ఇంకో మాట, దయచేసి ఎవరో చెప్పారని నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ (ఆక్సిటోసిన్) వేయించకండి. పిల్ల అడ్డం తిరిగి ఉన్నప్పుడు ఆక్సిటోసిన్ వేస్తే గర్భసంచి పగిలే ప్రమాదం ఉంది. లోపల చూసిన డాక్టరే అది నిర్ణయించాలి. చెయ్యి లోపలికి వెళ్లిన ప్రతి మేకకూ తర్వాత యాంటీబయాటిక్ అవసరమా అని ఆయన్ని అడగండి.

పిల్ల పడగానే మూతి, ముక్కు మీద పొర తీసి, జిగురు తుడిచేయండి. ఊపిరి తీయకపోతే గడ్డిపోచతో ముక్కులో గిలిగింత పెట్టి, పొడి బట్టతో పక్కటెముకల మీద గట్టిగా రుద్దండి. ఊపిరి మొదలైతే తల్లి మూతి దగ్గర పెట్టండి. తల్లి నాకడం వల్లే పిల్ల ఆరుతుంది, ఒకరినొకరు గుర్తుపడతారు. ఆ కాసేపు ముద్దుగా ఉందని పిల్లను ఎత్తుకుని వెళ్లొద్దు. బొడ్డు పొడవుగా వేలాడుతుంటే రెండంగుళాల దగ్గర దారంతో కట్టి కత్తిరించి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి.

ముర్రుపాల దగ్గర మాత్రం ఏమాత్రం రాజీ పడొద్దు. పిల్ల పుట్టేటప్పుడు దానికి సొంత రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు, తల్లి ముర్రుపాల నుంచే రావాలి. పేగులు దాన్ని పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, ఒక రోజుకల్లా ఆగిపోతుంది. కాబట్టి గంట, రెండు గంటల్లోపే మొదటిసారి తాగాలి. చన్నుల కొనల్లో మైనంలాంటి బిరడా ఉంటుంది, రెండు ధారలు పిండి అది తీసేయండి. 2 కిలోల పిల్లకు మొదటిసారి 100 మిల్లీలీటర్లు, మొదటి రోజు మొత్తం మీద కనీసం 200 అందాలి. పిల్ల నిలబడలేక డీలా పడి ఉంటే నోట్లో వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉంటే పాలు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు పొడి బట్టలో చుట్టి వెచ్చబెట్టి, చప్పరించడం మొదలుపెట్టాకే పట్టండి.

ఒక పిల్ల పుట్టగానే అయిపోయిందనుకోకండి, కవలలు మామూలే. సాధారణంగా అరగంటలోపు రెండోది వస్తుంది. అనుమానం ఉంటే మేక వెనక నిలబడి, పొదుగుకు ముందు కడుపు కింద రెండు చేతులూ పెట్టి పైకి ఎత్తి చూడండి. లోపల పిల్ల ఉంటే గట్టిగా తగులుతుంది. మాయ కొన్ని గంటల్లో దానంతట అదే పడుతుంది. వేలాడుతోందని లాగకండి, బరువు కట్టకండి. 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరుకు చెప్పండి. పడిన మాయను మేక గానీ, కుక్కలు గానీ తినకుండా లోతుగా పాతిపెట్టండి. ఎర్రటి, గోధుమ రంగు మైల రెండు మూడు వారాలు కారవచ్చు. అది కంపు కొట్టినా, మేక మేత మానినా, చెవులు చల్లబడి వణికినా ఆలస్యం చేయకుండా వైద్యం చేయించాలి.

ఈత జరిగిన రెండు మూడు వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే, ముఖ్యంగా మీ కోడలికి ఏమాత్రం వేడి తగిలినా, ఆసుపత్రిలో అడిగినా అడగకపోయినా ఇంట్లో మేక ఈనిందని డాక్టరుకు చెప్పండి.