ఖాళీ గడిని చూసే కన్ను: మహమ్మారి వేళ సహాయ సంస్థల సమన్వయం – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మహమ్మారి ప్రబలినప్పుడు సహాయ సంస్థలు కలిసి ఎలా పనిచేస్తాయి, ఎక్కడ విఫలమవుతాయి అని అడుగుతూ పాఠకులు రాసిన ఉత్తరాల నుంచి ఆరు ప్రశ్నలను ఈసారి తీసుకున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని ఒక్క ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: విపత్తు వచ్చిందంటే వందల సంస్థలు ఒకేసారి బయలుదేరతాయి కదా. ఎవరు ఏ పని చేయాలో వాటికి ఎవరు చెబుతారు? అందరి మీదా ఒక అధికారి ఉంటారా? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఆజ్ఞాపించే అధికారం గలవారు ఎవరూ ఉండరు. తన ప్రజలను ఆదుకునే బాధ్యత మొదట ఆ దేశ ప్రభుత్వానిదేనని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1991 డిసెంబరులో ఆమోదించిన 46/182 తీర్మానం చెబుతోంది. అత్యవసర సహాయ సమన్వయకర్త అనే పదవి ఏర్పడింది ఆ తీర్మానంతోనే. ఐక్యరాజ్యసమితి సంస్థలు, రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థల సమాఖ్యలు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే స్థాయీ సంఘానికి పునాది కూడా అదే. అయితే కూర్చుని మాట్లాడుకున్నంత మాత్రాన పని సవ్యంగా జరుగుతుందన్న నమ్మకం లేదని 2004 డిసెంబరు 26 నాటి సునామీ చూపించింది. ఇండొనేషియాలోని ఆచే ప్రాంతానికి ఎవరూ అడగని మందులు వేల టన్నులు వచ్చిపడ్డాయి. వాటిలో గడువు ముగియవచ్చినవి ఉన్నాయి, అక్కడి వైద్యులు చదవలేని భాషల్లో పేర్లు రాసినవి ఉన్నాయి. వాటిని వేరుచేయడానికి, పారవేయడానికి మళ్లీ మనుషులను, డబ్బును వెచ్చించవలసి వచ్చింది.

మరుసటి సంవత్సరం, అంటే 2005లో, క్లస్టర్ పద్ధతి వచ్చింది. సహాయ చర్యలను రంగాలుగా విభజించి, ఒక్కొక్క రంగానికి బాధ్యత వహించే సంస్థను ముందే నిర్ణయించారు. ఆరోగ్యం ప్రపంచ ఆరోగ్య సంస్థకు, నీరు, పారిశుధ్యం యునిసెఫ్‌కు, సరకు రవాణా ప్రపంచ ఆహార కార్యక్రమానికి వచ్చాయి. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే నియమం ఒకటుంది. ఒక రంగంలో ఏదైనా పనిని ఎవరూ చేపట్టకపోతే, దారి, భద్రత, నిధులు ఉన్నంత మేరకు, ఆ పని జరిగేలా చూడవలసిన బాధ్యత ఆ రంగానికి నాయకత్వం వహించే సంస్థ మీదే పడుతుంది.

ఎవరూ చేపట్టని పని ఏదో తెలిసేది ఒక మామూలు పట్టిక ద్వారా. ఎవరు, ఏమి, ఎక్కడ అనే మూడు ప్రశ్నల మీద నడిచే ఆ పట్టికను ప్రతి సంస్థా నింపి పంపాలి, సమన్వయ కార్యాలయం వాటన్నిటినీ కలిపి ఒక్కటి చేస్తుంది. ఊహకు ఒక శిబిరాన్ని తీసుకోండి. సబ్బుల పంపిణీ గడిలో ఐదు సంస్థల పేర్లు ఉన్నాయి, చేతులు కడుక్కోవడానికి నీరు తెచ్చే గడిలో ఒక్క పేరూ లేదు. ఆ ఐదు సంస్థలూ తమ నివేదికల్లో లక్ష్యం నెరవేరిందనే రాస్తాయి, వాటిలో ఏదీ అబద్ధం చెప్పదు. నీరు లేని సంగతి మాత్రం అన్ని గడులనూ ఒకేచోట పెట్టి చూసేవారికి తప్ప మరెవరికీ తెలియదు. సమావేశంలో ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, ఇది ఎవరు తీసుకుంటారని అడగడమే సమన్వయకర్త ముఖ్యమైన పని.

ప్రశ్న: భూకంపాలకు, వరదలకు సహాయం చేసిన అనుభవం ఈ సంస్థలకు దశాబ్దాలుగా ఉంది. మరి 2020లో అంత తడబాటు ఎందుకు కలిగింది? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: భూకంపం ఒకచోట వస్తుంది, సాయం మరొకచోటి నుంచి వస్తుంది. సహాయ వ్యవస్థ మొత్తం ఆ లెక్క మీదే కట్టినది. కోవిడ్ వచ్చినప్పుడు మరొకచోటు అనేదే లేకుండా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది, మార్చి 11న దీనిని మహమ్మారిగా పేర్కొంది. సాధారణంగా నిధులు ఇచ్చే దేశాలు, వైద్యులను పంపే దేశాలు, మాస్కులు తయారుచేసే దేశాలు ఆ నాటికే తమ రోగులతో సతమతమవుతున్నాయి. అనేక ప్రభుత్వాలు మాస్కుల వంటి వైద్య సామగ్రి ఎగుమతిని నిషేధించాయి లేదా పరిమితం చేశాయి. ఆపైన విమానాలు ఆగిపోయాయి. వైద్య సిబ్బంది చేరలేకపోయారు, శిబిరాల్లో ఉన్నవారికి బదులుగా రావలసినవారు రాలేకపోయారు, గోదాముల్లో ఉన్న సరకు కదలలేదు.

అప్పుడు ప్రపంచ ఆహార కార్యక్రమం చేసిన పని చాలామందికి తెలియదు. బెల్జియంలోని లీజ్, చైనాలోని గ్వాంగ్‌జౌ, దుబాయి వంటిచోట్ల సరకు కేంద్రాలు ఏర్పరచి, తన సరకుతో పాటు ఇతర సంస్థల సరకును, ప్రయాణికుల విమానాలు నడవని మార్గాల్లో సహాయ సిబ్బందిని చేరవేసే విమానాలను నడిపింది. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ పెట్టె కూడా పెద్ద సంస్థల పెట్టెల పక్కనే ఆ విమానంలో వెళ్లింది. ఆ సంస్థకు అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినది ప్రధానంగా ఆకలిపై పోరాటానికే అయినా, ఆ విమానాలే లేకపోతే మిగిలిన సంస్థల ప్రణాళికలు చాలావరకు కాగితం మీదే ఉండిపోయేవని నా నమ్మకం.

శిబిరాల్లో ఉన్న ఇబ్బంది ఇంకొక రకమైనది. మానవతా సహాయంలో కనీస ప్రమాణాలను చెప్పే స్ఫియర్ మార్గదర్శకాల ప్రకారం మనిషికి నివాసంలో 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 15 లీటర్ల నీరు ఉండాలి, ఒక్కొక్క కుళాయిని వాడేవారు 250 మందికి మించకూడదు. మామూలు రోజుల్లో ఈ ప్రమాణాన్ని అందుకోవడమే గొప్ప. ఇప్పుడు ఆ 250 మందిలో యాభై మంది పొద్దున్నే బిందెలతో వచ్చారనుకుని, ఒకరికొకరు ఒక మీటరు దూరం నిలబడితే వరుస ఎంత పొడవు అవుతుందో చూడండి. ఇరుకు గుడారాల నడుమ యాభై మీటర్ల దారి ఎక్కడ దొరుకుతుంది? ఎడం పాటించండి అనే మాటను శిబిరంలో ఆచరణలోకి తేవాలంటే కుళాయిలు పెంచాలి, వంతులు పెట్టాలి, పంపిణీ రోజులు మార్చాలి. ఎన్నోచోట్ల రెండు నెలల ఆహారాన్ని ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టింది జనం గుమిగూడడాన్ని తగ్గించడానికే. ఈ మార్పు ఆహారం ఇచ్చే సంస్థ ఒక్కటీ చేస్తే సరిపోదు. అంత సరకు తెచ్చే రవాణా వారు, దానిని తడవకుండా దాచుకునే చోటు చూపే నివాస రంగం వారు కూడా అదే వారంలో సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: ప్రాణాలు కాపాడడానికి వచ్చినవారిని జనం రాళ్లతో కొట్టిన వార్తలు చదివాను. మా వృత్తిలో ఉన్నవారికి ఇది చాలా బాధ కలిగిస్తుంది. అజ్ఞానమే దీనికి కారణమా? – ఒక నర్సు

జవాబు: అమ్మా, మీ బాధ న్యాయమైనది. 2014 నుంచి 2016 వరకు గినీ, లైబీరియా, సియెరా లియోన్ దేశాలలో ప్రబలిన ఎబోలా 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2014 సెప్టెంబరులో గినీలోని వోమే గ్రామంలో వ్యాధి గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు. ఆ హత్యలకు సమర్థన లేదు. అయినా ఆ ప్రాంతాల్లో భయం ఎలా పెరిగిందో తెలుసుకోకుండా అజ్ఞానం అనే ఒక్క మాటతో ముగించడం నాకు సమ్మతం కాదు.

ఎబోలాతో మరణించినవారి దేహం నుంచి వ్యాధి తీవ్రంగా సోకుతుంది. చనిపోయినవారికి ఇంటివారే స్నానం చేయించి సాగనంపడం ఆ సమాజాల ఆచారం. మొదటి నెలల్లో ఏం జరిగిందంటే, ముఖం కూడా కనిపించని తొడుగులు వేసుకున్న మనుషులు బండిలో దిగి, దేహాన్ని సంచిలో పెట్టి తీసుకుపోయేవారు. ఎక్కడ పూడ్చారో కూడా కొన్ని కుటుంబాలకు తెలిసేది కాదు. లైబీరియా రాజధాని మన్రోవియాలో ఆచారానికి విరుద్ధంగా దహనం చేయాలని ఉత్తర్వు వచ్చింది. దాంతో ప్రజలు రోగులను దాచారు, రాత్రివేళ రహస్యంగా పూడ్చారు, వ్యాధి ఇంకా పాకింది.

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెడ్ క్రాస్‌తోను, క్రైస్తవ, ముస్లిం సహాయ సంస్థలతోను కలిసి కొత్త ఖనన విధానాన్ని రూపొందించింది. దానిని చదువుతుంటే ఒక ఇంటి ముంగిట నిలబడినట్టు ఉంటుంది. బృందం వచ్చేటప్పుడు తొడుగులు వేసుకోకూడదు. మామూలు బట్టల్లో, ముఖాలు కనిపించేలా వచ్చి, పలకరించి, సానుభూతి తెలపాలి. ఏం చేయబోతున్నారో చెప్పి, కుటుంబం ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాలి. ప్రార్థన ఎవరు చేస్తారో, దేహంతో పాటు ఏ వస్తువు ఉంచాలో అడగాలి. ముస్లిం కుటుంబమైతే దేహాన్ని తాకి కడగడానికి బదులు పొడి శుద్ధి చేయవచ్చు, తెల్ల వస్త్రం కప్పవచ్చు. సమాధి దగ్గర కుటుంబానికి చోటు ఉండాలి, మట్టి వేసే అవకాశం వారికి ఇవ్వాలి. వైద్యుల దగ్గర లేని ఈ తెలివిడి మతపెద్దల నుంచి, మానవ శాస్త్రవేత్తల నుంచి, ఆ ఊళ్లవారైన రెడ్ క్రాస్ వాలంటీర్ల నుంచి వచ్చింది. వారిని మొదటి వారంలోనే సమావేశానికి పిలిచి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ప్రశ్న: సహాయ సంస్థల వల్లనే వ్యాధి వచ్చిన సందర్భాలు ఉన్నాయా? – పేరు రాయని పాఠకుడు

జవాబు: ఉన్నాయి. హైతీలో 2010 అక్టోబరులో మొదలైన కలరా ఐక్యరాజ్యసమితి శాంతి సేనల శిబిరం నుంచి నదిలో కలిసిన మురుగు వల్ల వచ్చింది. సుమారు పది వేల మంది మరణించారు. ఆ సంస్థ అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పినది 2016 డిసెంబరులో, అంటే ఆరేళ్ల తరువాత. కోవిడ్ కాలంలో శిబిరాల్లోకి వచ్చే సిబ్బంది సంఖ్యను తగ్గించి, బయటి నుంచి వచ్చినవారిని క్వారంటైన్‌లో ఉంచిన జాగ్రత్త అతిగా చేసినది కాదని దీనిని బట్టి మీకు తెలుస్తుంది.

ప్రశ్న: కోట్ల డాలర్ల విరాళాలు అని వింటాం. అవి చివరి మనిషి వరకు చేరతాయా? మాలాంటివారు సాయం చేయాలంటే వస్తువులు పంపడం మేలా, డబ్బు మేలా? – ఒక గృహిణి

జవాబు: వినిపించే అంకె చాలాసార్లు అడిగిన మొత్తమే, అందిన మొత్తం కాదు. ఐక్యరాజ్యసమితి 2020 మార్చి 25న కోవిడ్ కోసం ప్రకటించిన ప్రపంచ మానవతా ప్రణాళిక మొదట సుమారు 200 కోట్ల డాలర్లు అడిగింది. మే నెలలో అది 670 కోట్లు, జూలైలో 63 దేశాల కోసం 1,030 కోట్లు అయింది. అందులో సగం కూడా రాలేదు. వచ్చినది కూడా ఎక్కువగా పెద్ద అంతర్జాతీయ సంస్థల ఖాతాల్లోకి వెళ్లి, అక్కడి నుంచి ఒప్పందాల మీద ఒప్పందాలు దాటుకుంటూ స్థానిక సంస్థలకు చేరింది. సహాయ నిధుల్లో నాలుగో వంతు వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు అందాలని, 2020 నాటికి ఆ లక్ష్యాన్ని చేరాలని దాతలు, పెద్ద సంస్థలు 2016లో ఇస్తాంబుల్‌లో మాట ఇచ్చాయి. ఆ గడువు వచ్చిన ఏడాదే విదేశీ సిబ్బంది రాలేక, పని భారమంతా స్థానికుల మీద పడింది. మాట మాత్రం నెరవేరలేదు. ఇది నాకు కోపం తెప్పించే విషయం, దానిని దాచుకోను.

మీ రెండో ప్రశ్నకు జవాబు తేలిక. అడిగితే తప్ప వస్తువులు పంపకండి, ఆచేలో మందులు ఏమయ్యాయో పైన రాశాను. డబ్బు ఇచ్చేటప్పుడు ఫలానా వస్తువుకే వాడాలన్న షరతు పెట్టకపోతే, ఆ వారం ఏ గడి ఖాళీగా ఉందో దానికి వాడుకునే వీలు వారికి ఉంటుంది.

ప్రశ్న: శరణార్థులకు టీకాలు ఎవరు వేశారు? మహమ్మారి మీద అందరి దృష్టీ ఉన్నప్పుడు వేరే వ్యాధుల సంగతి ఎవరు చూశారు? – ఇద్దరు పాఠకులు

జవాబు: టీకాల విషయంలో ప్రభుత్వాల వైఖరిని బట్టి ఫలితం మారింది. జోర్డాన్ 2021 జనవరిలోనే తన పౌరులతో పాటు శరణార్థులకు కూడా టీకాలు వేయడం మొదలుపెట్టింది. పేద దేశాలకు డోసులు అందించడానికి ఏర్పడిన కోవాక్స్ మొదటి సరకు 2021 ఫిబ్రవరి 24న ఘనాకు చేరింది, 6 లక్షల డోసులు. ఆ ఏడాది చివరికి 200 కోట్ల డోసులు పంపాలన్న లక్ష్యంలో సగానికి కూడా చేరలేదు. ఏ ప్రభుత్వమూ లెక్కలోకి తీసుకోనివారి కోసం, సాయుధ గుంపుల అధీనంలో ఉన్న ప్రాంతాల కోసం, మొత్తం డోసుల్లో 5 శాతం వరకు విడిగా ఉంచాలని కూడా అనుకున్నారు. ఆ డోసులు ఆగినచోటు ఆస్పత్రి కాదు, ఒప్పంద పత్రం. టీకా వల్ల ఎవరికైనా హాని జరిగితే పరిహారం ఎవరు చెల్లించాలని తయారీ కంపెనీలు అడిగాయి. ప్రభుత్వాలు ఆ బాధ్యతపై సంతకం పెట్టగలిగాయి, స్వచ్ఛంద సంస్థలు పెట్టలేకపోయాయి. కొన్ని కంపెనీలు ఆ షరతును సడలించేసరికి 2021 చివరికొచ్చింది.

రెండో ప్రశ్నకు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం ఉదాహరణ. అక్కడ 2018లో మొదలైన ఎబోలాకు దాదాపు 2,300 మంది బలైతే, 2019 ఆరంభం నుంచి ఏడాది కాలంలోనే తట్టు 6,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో ఎక్కువమంది పసిపిల్లలు. టీకా ఎప్పటి నుంచో ఉన్న వ్యాధి అది. 2020 మార్చి చివర పోలియో టీకా కార్యక్రమాలను కూడా ప్రపంచవ్యాప్తంగా ఆపవలసి వచ్చింది. ఇంటింటికీ తిరిగే సిబ్బందే వ్యాధిని మోసుకుపోతారేమోనన్న భయం దానికి కారణం. పోలియో కేసులను కనిపెట్టే బృందాలు ఆ నెలల్లో కోవిడ్ రోగులను గుర్తించే పనిలో చేరాయి. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌లలో జూలైలో కార్యక్రమం తిరిగి మొదలైంది. ఈసారి పాటించవలసిన పద్ధతి వేరు. సిబ్బంది మాస్కు వేసుకుని గుమ్మం బయటే నిలబడాలి, బిడ్డను తాకకూడదు, తల్లి ఒడిలో పట్టుకుని ఉండగా పైనుంచి రెండు చుక్కలు వేసి పక్క ఇంటికి నడవాలి.