మాస్టర్ పేరు కోసం వెతకకు, పట్టికలు చూసుకో

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. అమెరికాలో పక్క రాష్ట్రం మీద మీ రాష్ట్రం వేస్తున్న నీళ్ల దావాలో నువ్వూ పనిచేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. స్పెషల్ మాస్టర్‌గా, అంటే కోర్టు తరఫున సాక్ష్యాలు విని నివేదిక ఇచ్చే మనిషిగా, ఎవరొస్తే మేలో అని రాత్రుళ్లు పేర్లు వెతుకుతున్నావట. మానెయ్యి. రాష్ట్రాల తగాదా ఇక్కడ నేరుగా అమెరికా సుప్రీంకోర్టుకే వెళ్తుంది, మాస్టర్‌ను వేసేదీ ఆ కోర్టే. అసలు దావాకు అనుమతి దొరకడమే మొదటి గండం.

మన కృష్ణా ట్రిబ్యునల్‌తో పోల్చుకోకు. మాస్టర్ ఇచ్చేది తీర్పు కాదు, సిఫారసు. ఖర్చు మాత్రం రాష్ట్రాలదే, మీ ఆర్థిక శాఖకు ఇప్పుడే చెప్పి ఉంచు.

ఎగువనున్న జార్జియా నది నీళ్లు మరీ ఎక్కువ వాడేస్తోందని ఫ్లోరిడా వేసిన కేసు ఆసాంతం చదువు. 2014లో మెయిన్ రాష్ట్రపు న్యాయవాది రాల్ఫ్ లాంకాస్టర్‌ను వేశారు. రాజీ పడండని ఆయన పోరుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. 2017లో ఫ్లోరిడా దావా కొట్టేయమన్నాడు. ఆనకట్టల తాళాలు సైన్యపు ఇంజనీర్ల విభాగం చేతిలో ఉన్నాయి, వాళ్లేమో కేసులో లేరు, మరి జార్జియాను కట్టడి చేస్తే ఫ్లోరిడాకు నీళ్లొస్తాయని నమ్మకమేమిటని ఆయన వాదన. ఈ కొలమానం మరీ కఠినమని 2018లో కోర్టు 5-4తో వెనక్కి పంపింది. రెండో మాస్టర్‌గా జడ్జి పాల్ కెల్లీ వచ్చాడు. ఆయనా జార్జియా వైపే. 2021లో కోర్టు ఏకగ్రీవంగా ఫ్లోరిడాను ఓడించింది. అపలాచికోలా అఖాతంలో ఆల్చిప్పలు నశించింది జార్జియా నీటి వాడకం వల్లేనని ఫ్లోరిడా రుజువు చేయలేకపోయింది. మాస్టర్ మారినా సాక్ష్యం బలం మారదు కదా!

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక కేసులో మా బావుల లెక్కల పట్టికలో ఒక వరుసకు కొలత పేరు రాయలేదు. "ఇవి గ్యాలన్లా, ఎకరా అడుగులా?" అని అవతలి వకీలు అడిగాడు. ఎకరా అడుగంటే ఎకరా నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్లు. మా ఇంజనీరు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని నా వైపు చూశాడు. ఆ పట్టిక తయారు చేసింది నేనే. పాపం, ఆయన తడబాటు విచారణ రాతప్రతిలో ఒక్క ముక్క: సాక్షి జవాబు చెప్పలేదు. సుప్రీంకోర్టులో ఆ తొమ్మిదిమంది జడ్జీలు సాక్షుల ముఖాలు చూడరు, ఆ ముక్కే చదువుతారు.

ఆదివారం ఫోను చెయ్యి. మీ పట్టికలు ముందు పెట్టుకుని కూర్చో, వరుస వరుసా అడుగుతాను.

మామయ్య