కాకినాడ నుంచి నర్సాపురం: ఏ దారిన వెళ్ళాలి?

ప్రశ్న: మా అమ్మాయిని నర్సాపురం ఇచ్చాం. డిసెంబరులో మనవడి అన్నప్రాసన. మా అబ్బాయి అందరినీ కారులో తీసుకెళ్తానంటున్నాడు. ఫోన్లో మ్యాపు ఒకసారి అమలాపురం మీదుగా, ఒకసారి రావులపాలెం మీదుగా చూపిస్తోంది. మా మావగారేమో పంటు (బండ్లని గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కక తప్పదంటున్నారు. నాకైతే కాలవగట్టు రోడ్లంటే భయం. ఎటు వెళ్ళమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, అమలాపురం మీదుగానే వెళ్ళమనండి. నేను కోనసీమ రూట్లలో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216 జాతీయ రహదారి అది. తాళ్ళరేవు, యానాం, మురమళ్ళ, ముమ్మిడివరం, అమలాపురం, తాటిపాక, రాజోలు, దిండి – ఇదీ వరస.

మీ మావగారు చెప్పింది వంతెనలు లేని రోజుల మాట. ఇప్పుడు గోదారి మూడు పాయల మీదా వంతెనలున్నాయి. గౌతమి మీద యానాం–ఎదురులంక వంతెన ఉంది, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టారు. వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, వశిష్ఠ మీద దిండి–చించినాడ వంతెన. బోడసకుర్రు వంతెన లేనప్పుడు మేం అంబాజీపేట, పి.గన్నవరం అక్విడెక్టు (కాలవని ఏటి మీంచి దాటించే వంతెన) చుట్టు తిరిగి రాజోలు చేరేవాళ్ళం. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం దాటించే పంటు ఇప్పటికీ ఉందిలెండి, కానీ గోదారికి వరదొస్తే ఆపేస్తారు. పిల్లలతో మీకు ఆ అవస్థ దేనికి?

చించినాడలో వంతెన దిగాక దిగమర్రు వస్తుంది. ఎడమకి తిరిగితే నర్సాపురం, కుడికి పాలకొల్లు.

ఇక మీ భయం. అది ఉత్తుత్తి భయం కాదు. డెల్టాలో ముందు కాలవలొచ్చాయి, రోడ్లు తరవాత. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలవలు చేలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికీ తవ్వారు. చుట్టూ పల్లం, వానాకాలం మునిగే నేల. ఎత్తుగా ఉండేది గట్టొక్కటే కాబట్టి రోడ్డూ దానిమీదే పడింది. అందుకే కాలవ ఎటు వంగితే రోడ్డూ అటే వంగుతుంది. లాకుల (కాలవకి అడ్డంగా కట్టిన తలుపులు) దగ్గర రోడ్డు ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదకి మారేచోట వెంటవెంటనే రెండు మలుపులుంటాయి. కొత్తవాళ్ళు మొదటిది చూస్తారు, రెండోది చూడరు.

రావులపాలెం దారి వద్దన్నదీ ఇందుకే. అటు మార్టేరు నుంచి పాలకొల్లు దాకా కాలవ పక్కనే నడవాలి. నేను చెప్పిన దారిలోనూ దిగమర్రు దాటాక కాస్త జాగ్రత్త కావాలి.

ఎదురుగా లారీ లైట్లు కళ్ళలో పడితే మార్జిన్లోకి దిగొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. గట్టు ఒండ్రుమట్టి, నానిందంటే చక్రం కిందే కుంగిపోతుంది. తారు మీదే స్లో చేసి ఆగాలి. డిసెంబరంటే సార్వా (వానాకాలం వరి) కోతలు కాబట్టి ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. రాత్రి బరకాలు కప్పి అంచున రాళ్ళు పెడతారు. పొద్దున్న ధాన్యం ఎత్తుతారు, రాళ్ళు వదిలేస్తారు. రైతుకి కళ్ళం లేక ఆ తిప్పలు, నాకు తెలుసు. కానీ ఆ రాళ్ళెక్కి బండ్లు కాలవలోకి పోయాయి. రైతు సోదరులు ఇది చదివితే దయచేసి ఆ రాళ్ళు కూడా తీసేయండి.

పొద్దున్నే బయల్దేరండి. తిరుగు ప్రయాణానికి చీకటి పడిందా, ఆ రాత్రికి అమ్మాయింట్లోనే పడుకుని తెల్లారాక రండి.