తెరచాపలు దించేస్తే పెద్ద యాట్‌కు గాలి ప్రమాదం లేనట్టేనా?

మీ తమ్ముడు మధ్యధరా సముద్రంలో తిరిగే పెద్ద యాట్‌లో, అంటే విలాస ఓడలో, డెక్ పనికి పోతున్నాడని, ‘తెరచాపలు దించి లంగరేసినంక గాలి ఏం జేస్తది’ అంటున్నాడని రాశారు. మరి బేయేసియన్ అనే యాట్ ఎట్లా మునిగిందని అడిగారు.

అన్నా, నాదీ హన్మకొండే. సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేశాను. యాట్ల మీద పనిచేయలేదు గానీ ఓడ ఒరగడం, లోపలికి నీళ్లు రావడం అనే లెక్క ఎక్కడైనా ఒకటే. మీ తమ్ముడి నమ్మకం తప్పు. ఓడ ఎక్కకముందే అది పోవాలి.

బేయేసియన్ 2024 ఆగస్టు 19 తెల్లవారుజామున ఇటలీ దీవి సిసిలీలోని పోర్టిచెల్లో ఊరి ముందు లంగరు వేసి ఉంది. పొడవు 56 మీటర్లు, తెరచాపలు కట్టే స్తంభం, అంటే మాస్ట్, ఎత్తు 72 మీటర్లు. ఒక్క తెరచాప కూడా ఎత్తి లేదు. గాలి పెరగడం చూసి డెక్ మీది కుర్రాడు ముందు వైపు హ్యాచ్‌లు (డెక్ మీది మూత ద్వారాలు), కాక్‌పిట్ కిటికీలు మూశాడు కూడా. అయినా 15 సెకన్లలోపే ఓడ 90 డిగ్రీలు ఒరిగిపోయింది. 22 మందిలో ఏడుగురు చనిపోయారు.

బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2025 మేలో మధ్యంతర నివేదిక ఇచ్చింది. తెరచాపలు దించి, ఓడ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక సెంటర్‌బోర్డ్‌ను పైకి లాగి, ఇంధనం, నీళ్లు 10 శాతమే ఉన్న స్థితికి వాళ్లు లెక్క వేశారు. పక్క నుంచి 63.4 నాట్లు, అంటే గంటకు సుమారు 117 కిలోమీటర్లు దాటిన గాలి తగిలితే ఆ ఓడ పడిపోతుందని తేలింది. 70.6 డిగ్రీలు దాటి ఒరిగితే దానంతట అది తిరిగి లేవదు.

కారణం మాస్టే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ఎత్తుగా వేసుకొచ్చే ట్రాలీ గాలికి ఎట్లా ఊగుతదో చూసే ఉంటారు. మాస్ట్ బరువంతా పైన ఉంటుంది, గాలికి తగిలే మేరా పైనే ఉంటుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. 30 నాట్లకు నిలబడ్డ ఓడ 60కి నిలబడుతుందని అనుకోవడానికి లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే సంగతి. ఓడ ఎంత ఒరిగితే తట్టుకుంటుందో చెప్పే స్థిరత్వ పుస్తకం ఓడలో ఉన్నా, ఈ బలహీనత అందులో లేదు. కెప్టెన్‌కు తెలిసే దారే లేకపోయింది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి మన కడిపికొండ వాళ్లు పోయారు. అది వేరే రకం ప్రమాదమే, కానీ అప్పటి నుంచి నీళ్ల మీదికి పోయే పిల్లలకు ఇవన్నీ ముందే చెప్పాలని నా పట్టుదల.

ఇక నీళ్ల సంగతి. బేయేసియన్‌లో ఓడ ఒరిగాకే పక్క కమ్మీల మీదుగా నీళ్లు వచ్చి, క్షణాల్లో మెట్ల దారుల్లోకి దిగాయి. 2010 ఫిబ్రవరి 17న బ్రెజిల్‌కు దూరంగా విద్యార్థులతో పోతున్న కాంకోర్డియా అనే తెరచాప ఓడ ఒరిగినప్పుడు మూయని తలుపుల గుండా నీళ్లు జొరబడ్డాయి. అదృష్టం బాగుండి 64 మందీ బతికారు.

తలుపు మూసినంత మాత్రాన నీళ్లు ఆగుతాయని కూడా లేదు. మా ఓడల్లో తలుపు చట్రం అంచుకు సుద్దముక్క రుద్ది, తలుపు బిగించి తీసేవాళ్లం. రబ్బరు మీద తెల్లగీత ఎక్కడా తెగకుండా పడాలి. తెగిన చోట రబ్బరు గట్టిపడిందనో, పెయింట్ అంటుకుందనో అర్థం. నీళ్లు వచ్చేది అక్కణ్నుంచే. జనరేటర్‌కు గాలి కావాలి కాబట్టి ఇంజన్ గది గాలి మార్గాలు ఊరికే మూయలేం. ఎంత ఒరిగితే వాటిలోకి నీళ్లు చేరతాయో ముందే తెలిసి ఉండాలి.

మీ తమ్ముణ్ని చేరిన మొదటి రోజే చీఫ్ ఆఫీసర్‌ను ఇవి అడగమనండి. సెంటర్‌బోర్డ్ పైకి లాగి ఉన్నప్పుడు ఓడ ఎన్ని డిగ్రీల నుంచి తిరిగి లేస్తుంది? రాత్రి లంగరు మీద ఏ హ్యాచ్‌లు మూసి ఉంచాలి? గాలి ఎన్ని నాట్లు దాటితే కెప్టెన్‌ను లేపాలి? ఉరుములు వచ్చే సూచన ఉంటే ఇంజన్ ఎప్పుడు సిద్ధం చేస్తారు? అడిగితే చిన్నబుచ్చుకునే ఆఫీసర్ ఉంటే ఆ ఓడ వద్దనే చెప్తాను.

తర్వాత తన పడక నుంచి డెక్ దాకా దారిని చీకట్లో చేత్తో తడుముకుంటూ నడిచి చూడమనండి, రెండో దారి కూడా. ఓడ పక్కకు పడితే గోడే నేల అవుతుంది. బేయేసియన్‌లో ఇద్దరు అతిథులు సామాన్ల సొరుగులనే నిచ్చెనగా చేసుకుని గదిలోంచి బయటపడ్డారు.