పాత నక్షా తెర మీద పరిచే ముందు

అమ్మలూ,

పాత హైదరాబాద్ నక్షాని ఇప్పటి శాటిలైట్ బొమ్మ మీద కూర్చోబెడతానని క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్ చేసుకున్నావట, మీ నాన్న చెప్పాడు, నాకు ఎంత సంతోషమేసిందో.

స్కాన్ మంచిది చేయించు, ఫోన్ ఫొటోలో అంచులు వంగిపోతాయి. ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి, యూటీఎం జోన్ 44 ఉత్తరం పెట్టు (దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644), దూరాలు నేరుగా మీటర్లలో వస్తాయి.

అసలు కష్టమంతా కంట్రోల్ పాయింట్ల దగ్గరే, అంటే పాత నక్షాలోనూ ఇప్పటి బొమ్మలోనూ ఒకే చోటని మనం గుచ్చే గుర్తుల దగ్గర. నేను మొదటిసారి చేసినప్పుడు చార్మినార్, చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, మక్కా మసీదు, అన్నీ ఆ నాలుగు అడుగుల్లోనే గుచ్చేశాను, కళ్లు మూసుకున్నా కనిపించే చోట్లు కదా అని. చార్మినార్ చక్కగా కూర్చుంది, పురానాపూల్ మాత్రం నదిని వదిలేసి ఇళ్ల మీదికి పోయింది. గుర్తులు నక్షా అంచుల దాకా ఉండాలమ్మా. పడమట పురానాపూల్ (1578లో కట్టింది, 1908 వరదని కూడా తట్టుకుంది), ఈశాన్యాన కోఠీ రెసిడెన్సీ, దక్షిణాన ఫలక్‌నుమా, నీ షీట్లో ఉంటే వీటిని వదలకు. మూసీ ఒడ్డుని మాత్రం నమ్మొద్దు, ఆ వరద తర్వాత గట్లు కట్టారు. రోడ్డు అంచులూ వద్దు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చాక చాలా వీధులు వెడల్పయ్యాయి. ఇంకోటి, శాటిలైట్ బొమ్మలో మినార్ ఒక పక్కకి వాలినట్టు కనిపిస్తుంది, కొస మీద కాదు, నేలని తాకే మొదలు దగ్గర క్లిక్ చెయ్యి. అంతా అయ్యాక చార్మినార్ ఒక వైపు కొలిచి చూడు, దాదాపు 20 మీటర్లు రావాలి.

ఇక గుర్తులు ఎంత తప్పి పడ్డాయో చెప్పే ఎర్రర్ సున్నా అని చూపిస్తే మురిసిపోకు, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. పాలినోమియల్ 1కి (నక్షాని మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) మూడు గుర్తులు చాలు, కానీ సరిగ్గా మూడే పెడితే వాటిలో ఒకటి రెండు వీధులవతల పడినా సున్నాయే వస్తుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో పద్ధతి కూడా అంతే, కాగితాన్ని రబ్బరులా లాగి ప్రతి గుర్తునీ దాని చోటికి తెచ్చేస్తుంది, మధ్యలో వీధులు ఎంత మెలికపడ్డాయో చెప్పదు. అందుకని 15 గుర్తులు దొరికితే 12 మాత్రమే వాడు, మూడు దాచుకో. నక్షా కూర్చున్నాక ఆ మూడూ ఎంత దూరంలో పడ్డాయో కొలువు. నీ పని ఎంత బాగుందో అదే చెప్తుంది.

ఇంత పట్టింపు ఎందుకు బాబాయ్ అనకు. ఈ ఊళ్లో పాత చెరువు కట్ట గీత 50 మీటర్లు జరిగితే ఎవరిల్లు చెరువులో ఉందన్న మాటే మారిపోతుంది, నువ్వు గీసింది చూసి రేపు ఎవరో ఒకరు మాట్లాడతారు. కాబట్టి ఎంత తేడా వచ్చిందో నక్షా మూలన రాసిపెట్టు, దాచకు.

ఆ మూడు దూరాలూ వాట్సాప్‌లో పంపు. పురానాపూల్ దగ్గర ఎక్కువ తేడా వస్తే ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ మొదలవకముందే ఇద్దరం వెళ్లి చూసొద్దాం.

మీ బాబాయి