మనవల కోసం గంగిరెద్దు బండి

ప్రశ్న: మనవడికి ఆరేళ్లు, మనవరాలికి తొమ్మిదేళ్లు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు వారితో కలిసి గంగిరెద్దు ఆకారంలో ఒక బండి తయారు చేయాలని ఉంది. మా చిన్నతనంలోలాగా చక్రాలకు బదులు బేరింగులు వేస్తే సరిపోతుందా? నాకు వెల్డింగు రాదు.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నున్నటి సిమెంటు నేల మీద మాత్రమే తిప్పేటట్లయితే బేరింగులు చాలు. 6204 రకం బేరింగుకు లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, తుమ్మకర్ర ఇరుసు కొనను అంతకన్నా వెంట్రుకవాసి లావుగా చెక్కి, బేరింగు లోపలి కడియం మీద మాత్రమే సుత్తితో కొడుతూ ఎక్కించాలి. బయటి కడియం మీద కొడితే ఆ దెబ్బ లోపలి గుండ్ల మీద పడి, బండి కదలకముందే బేరింగు గరగరలాడుతుంది. అయితే ఇంత చిన్న చక్రం రోడ్డు అతుకులోనో, కంకర రాయి దగ్గరో హఠాత్తుగా ఆగి పిల్లలను ముందుకు తోసేస్తుంది. ఆ మోతను ఇరుగుపొరుగు వారు ఎంతసేపు భరిస్తారన్నది వేరే సంగతి.

అందువల్ల పాత పిల్లల సైకిళ్ల 12 అంగుళాల చక్రాలు నాలుగు వాడడమే మేలని మా అభిప్రాయం. ఒక్కొక్క చక్రాన్ని రెండు చెక్కపట్టీల మధ్య దాని సొంత నట్లతోనే బిగించవచ్చు కనుక వెల్డింగు అవసరం రాదు. ముందు చక్రాలను మోసే దుంగను మధ్యలో ఒకే లావుపాటి బోల్టు మీద తిరిగేలా అమర్చి, పైనా కిందా వాషర్లు వేసి, లాక్ నట్టు బిగించండి. అది కొంతమేరకే తిరిగేలా చట్రానికి రెండు చెక్కముక్కలు అడ్డంగా కొట్టకపోతే, పిల్లలు బండిని మలిపేందుకు ఆ దుంగకు కట్టిన తాడును ఒక్కసారిగా లాగినప్పుడు బండి పక్కకు ఒరిగిపోతుంది.

గంగిరెద్దు అన్నాక తల ఊపాలి కదా! వెనుక చక్రపు పుల్లలకు ఒక ప్లైవుడ్ బిళ్లను కట్టి, దాని కేంద్రానికి రెండు అంగుళాల దూరంలో ఒక బోల్టు పెట్టి, ఆ బోల్టు నుంచి మడతబందు మీద ఆడే తల వరకు ఒక గట్టి ఇనుప చువ్వను తగిలిస్తే, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా, అంటే సుమారు మూడడుగులకు ఒకసారి, ఎద్దు తల ఊపుతుంది. ఆ చువ్వ ఆడే చోటును అట్టతో కాక ప్లైవుడ్‌తో మూసేయండి. పిల్లల వేళ్లు ముందుగా వెళ్లేది అక్కడికే. ఒంటికి వెదురు బద్దలు, మీద పాత చీరలు చాలు, కానీ చీర కొస చక్రంలో పడకుండా లోపలికి మడిచి కుట్టాలి. రంగులూ గంటలూ పిల్లలకే వదిలేయండి. హైదరాబాదులోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు, బర్గరు, కెమెరా ఆకారాల్లో నడిచే కార్లు ఉండగా, మీ మనవరాలు ఎద్దుకు ఊదారంగు కొమ్ములు కోరితే కాదనడానికి కారణం ఏముంది?

వాలు విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. బండి ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, గంటకు 16 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఒక అడుగు ఎత్తయితే 9 దాటదు. మొదటి రోజులకు ఆ అడుగు చాలు. పాత టైరు ముక్క తొడిగిన చెక్క మీట వెనుక చక్రాన్ని నొక్కే బ్రేకును, ఎద్దుకు తల పెట్టకముందే బిగించి పరీక్షించండి.

ప్రశ్న: మా వారు మనవడి చెక్కబండికి పాత మోపెడ్ ఇంజను బిగిస్తామంటున్నారు. బిగించనివ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: వద్దండి. చెక్క, పెట్రోలు, కాలే సైలెన్సరు, వాటి మధ్య పసివాడు: ఈ నాలుగింటికీ పొత్తు కుదరదు. మోటారు ఉండి తీరాలంటే, ఆటోనగర్ పాత సామాను దుకాణాల్లో 12 వోల్టుల వైపరు మోటారును అడగమనండి. నిమిషానికి 50 చుట్లు తిరిగే మోటారును 10 అంగుళాల చక్రానికి నేరుగా కలిపితే, బండి గంటకు రెండున్నర కిలోమీటర్లకు మించి పోదు. మీవారు పక్కనే కబుర్లు చెబుతూ నడవవచ్చు. మోటారు లోపల మరచుట్టు గేరు (వర్మ్ గేరు) ఉండడం వల్ల స్విచ్చి ఆపగానే చక్రం దానంతటదే ఆగిపోతుంది. వెనుక చక్రాల్లో ఒకదానికే మోటారు కలపాలి, రెండింటినీ కలిపితే మలుపులో బండి మొరాయిస్తుంది. బ్యాటరీ పాజిటివ్ కొనకు ఆనుకునే ఫ్యూజు ఉండాలి. ఈ బండి మీ ప్రహరీ లోపలే తిరగాలి, బందరు రోడ్డు వైపు చూడకూడదు.