శ్రైన్ అంటే చిన్న గుడేనా?

సందేహం: సర్, టోక్యో గురించి ఇంగ్లీషులో ఉన్న ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అసాకుసా అనే చోట టెంపులూ శ్రైనూ పక్కపక్కనే ఉన్నాయని అందులో ఉంది. నేను రెండింటికీ గుడి అనే రాసేశాను. మా ఫ్రెండ్ చదివి శ్రైన్ అంటే చిన్న గుడి, టెంపుల్ అంటే పెద్ద గుడి, అలా మార్చు అన్నాడు. అసలు శ్రైన్‌కి తెలుగులో సరైన మాట ఉందా?

సమాధానం: ముందు ఆ చిన్న, పెద్ద లెక్క పక్కన పెట్టేయండి. అదే టోక్యోలో మెయిజీ శ్రైన్ ఉంది, దాదాపు 70 హెక్టార్ల అడవి మధ్యలో. దాన్ని చిన్న గుడి అని ఎలా రాస్తాం? తేడా సైజులో లేదండీ, లోపల ఏముంది, అక్కడ ఏం చేస్తారు అన్నదాంట్లో ఉంది.

ఇంగ్లీషు మాటల పుట్టుక చూస్తే సగం చిక్కు విడిపోతుంది. శ్రైన్‌కి మూలం లాటిన్‌లో స్క్రీనియం, అంటే పెట్టె. కాగితాలూ పుస్తకాల చుట్టలూ దాచుకునే మామూలు పెట్టె. తర్వాత క్రైస్తవులు తమ పునీతుల ఎముకలు భద్రం చేసిన పెట్టెలకి ఆ పేరు స్థిరపడింది, ఆ పెట్టె ఉన్న చోటు కూడా శ్రైనే అయింది. జర్మన్‌లో ష్రైన్ అంటే ఇప్పటికీ బీరువా అనే అర్థం ఉంది, ష్రైనర్ అంటే బీరువాలూ బల్లలూ చేసే వడ్రంగి. జర్మనీలోనే కొలోన్ కెథీడ్రల్‌కి వెళ్తే బలిపీఠం వెనకాల రెండు మీటర్లు దాటిన పొడవుతో ఒక బంగారు పెట్టె ఉంటుంది, బాల యేసుని చూడటానికి వచ్చిన ముగ్గురు జ్ఞానుల అస్థికలు అందులో ఉన్నాయని నమ్మకం. దాని పేరు ముగ్గురు రాజుల శ్రైన్. చూడండి, అంత పెద్ద చర్చిలో శ్రైన్ ఒక వస్తువు! కాబట్టి ఇంగ్లీషులో శ్రైన్ టెంపుల్‌కి చెల్లెలేం కాదు, టెంపుల్ లోపలే ఉండొచ్చు, చెట్టు కిందా ఉండొచ్చు, ఇంట్లో గోడకీ ఉండొచ్చు.

టెంపుల్ దారి వేరు. లాటిన్‌లో టెంప్లం అంటే మొదట్లో అసలు కట్టడం కాదు. రోమన్లలో శకునాలు చూసే పూజారి పక్షులు ఎటు ఎగిరాయో గమనించడానికి హద్దు గీసి వేరు చేసిన జాగా అది. కట్టడానికి వాళ్ళకి ఇంకో మాట ఉంది, ఏడీస్, అంటే ఇల్లు. రాను రాను టెంప్లం మాటే కట్టడానికి అతుక్కుపోయింది. అంటే శ్రైన్‌లో ముఖ్యం పవిత్రమైనది ఉన్న చోటు, టెంపుల్‌లో ముఖ్యం పూజ కోసం విడిగా పెట్టిన జాగా, దాని మీద లేచిన కట్టడం.

ఇప్పుడు జపాన్‌కి వద్దాం, ఎందుకంటే అక్కడ ఈ రెండు మాటలకీ ఇంకో పని అప్పజెప్పారు. షింటో అంటే జపాన్ వాళ్ళ సొంత మతం, వాళ్ళ పవిత్ర స్థలాన్ని జపనీస్‌లో జింజా అంటారు, బౌద్ధుల దాన్ని తెర అంటారు. ఇంగ్లీషులో రాసేవాళ్ళు జింజాకి శ్రైన్, తెరకి టెంపుల్ అని పంచేసుకున్నారు, ఆ పంపకమే అన్ని గైడ్ పుస్తకాల్లోనూ ఉంటుంది. మీ వ్యాసంలోదీ అదే. పేరు చివర చూసినా తెలిసిపోతుంది. జి, దెర, ఇన్ అని ఉంటే మామూలుగా బౌద్ధులది, జింజా, జింగూ, తైషా అని ఉంటే షింటోది. క్యోటోలో కియోమిజు దెర ఒకటి, ఫుషిమి ఇనారి తైషా ఒకటి, పేర్లే చెప్పేస్తున్నాయి.

మీ వ్యాసంలోని అసాకుసానే దగ్గరగా చూద్దాం, నాకు ఇది చాలా ఇష్టమైన ఉదాహరణ. అక్కడి బౌద్ధ ఆలయం పేరు సెన్సోజి, పక్కనున్నది అసాకుసా జింజా. సెన్సో, అసాకుసా అనేవి రెండు వేర్వేరు పేర్లలా వినిపిస్తాయి గానీ రాసే అక్షరాలు అవే, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలో సెన్సో, అచ్చ జపనీస్‌లో అసాకుసా! కథ ఏంటంటే, 628లో ఇద్దరు అన్నదమ్ములు సుమిదా నదిలో వల వేస్తే కన్నోన్ విగ్రహం దొరికింది, కన్నోన్ అంటే బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే మన అవలోకితేశ్వరుడే, ఊరి పెద్ద దాని మహిమ గుర్తించి తన ఇంటినే దానికి నిలయం చేశాడు. ఆ కన్నోన్ ఉన్నది సెన్సోజిలో. మరి జింజాలో ఎవరు? ఆ అన్నదమ్ములిద్దరూ, ఆ ఊరి పెద్దా! ముగ్గురినీ దేవుళ్ళుగా నిలుపుకున్నారు, ఏటా మే నెలలో జరిగే సంజా ఉత్సవం వాళ్ళదే. అక్కడ టెంపుల్ విగ్రహానిది, శ్రైన్ దాన్ని నీళ్ళలోంచి పైకి తీసిన చేతులది. రెండింటికీ గుడి, గుడి అని రాసేస్తే చదివేవాడికి ఇది ఎలా తెలుస్తుంది చెప్పండి? 1945 బాంబు దాడుల్లో సెన్సోజి పెద్ద హాలు కాలిపోయి 1958లో మళ్ళీ కట్టారు, 1649 నాటి జింజా మాత్రం నిలిచింది.

మొక్కే తీరులో కూడా తేడా ఉంది. జింజాకి తొరీ అనే ద్వారం ఉంటుంది, రెండు నిలువు దూలాలు, పైన అడ్డదూలాలు, చూడటానికి మన తోరణం లాగే. మామూలుగా రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగుతారు. బౌద్ధ ఆలయంలో చప్పట్లు ఉండవు, నిశ్శబ్దంగా చేతులు జోడించడమే. సమాధులు ఆలయాల దగ్గర ఉంటాయి, జింజా దగ్గర మామూలుగా ఉండవు, షింటోలో చావుని మైలగా చూస్తారు కాబట్టి. జింజా లోపల అద్దమో కత్తో ఇంకేదో దేవుడు ఆవహించే వస్తువుగా ఉంటుంది, దాన్ని చూపించరు. నారా దగ్గర ఓమివా జింజాలో అసలు గర్భగుడే లేదు, ఎదురుగా ఉన్న మివా కొండే దేవుడు. అన్నట్టు ఈ రెండూ వెయ్యేళ్ళకి పైగా కలిసిమెలిసి ఉన్నవే, 1868లో మెయిజీ ప్రభుత్వం విడదీయమని ఆజ్ఞలు ఇచ్చింది కాబట్టి ఇప్పుడు ఇంత స్పష్టంగా వేరుగా కనిపిస్తున్నాయి.

ఇక తెలుగు మాటలు. మన మాటల్లో చాలావాటికి అసలు అర్థం ఇల్లే. గుడి, గుడిసె ఒకే మూలంలోంచి వచ్చినవి, తమిళంలో కుడి అంటే ఇల్లు. కోవెలలో కో అంటే రాజు, దేవర, ఆ దేవర ఇల్లు కోవెల. ఆలయం అన్నా నివాసమే, అందుకే గ్రంథాలయం, విద్యాలయం, హిమాలయం అనగలుగుతున్నాం, ఒంటరిగా ఆలయం అంటే మాత్రం దేవుడే గుర్తొస్తాడు. మందిరం కూడా సంస్కృతంలో ఇల్లే, శయన మందిరం అంటే పడకగది కదా. అంటే మన మాటలన్నీ దేవుడు కాపురం ఉండే ఇల్లు అనే ఊహ చుట్టూ పుట్టాయి, అవి టెంపుల్‌కి చక్కగా సరిపోతాయి.

శ్రైన్‌కి అలా ఒకే మాట లేదు. నా ఉద్దేశంలో అది లోటేం కాదు, ఎందుకంటే మనం అక్కడ ఏముందో చూసి పేరు పెడతాం. మేడారంలో సమ్మక్క సారలమ్మలకి ఉన్నవి గద్దెలు. ఇంగ్లీషువాడు దాన్ని శ్రైన్ అంటాడు, మనం గద్దె అంటే చాలు, గుడి అంటే తప్పు కూడా. సూఫీ పీరుదైతే దర్గా, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామిదైతే బృందావనం, గుణదల మేరీమాతదైతే పుణ్యక్షేత్రం. ఇంట్లోదైతే దేవుడి గూడు, దేవుడి మందసం. ఈ మందసం దగ్గర ఒక్క క్షణం ఆగండి. మందసం అంటే పెట్టె, తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి నిబంధన మందసం బాగా తెలుసు. లాటిన్ స్క్రీనియం కూడా పెట్టే కదా! భట్టిప్రోలు స్తూపంలో బుద్ధుడి ధాతువుల కోసం, అంటే అస్థికల కోసం, పెట్టిన రాతి పెట్టెల మీద శాసనాలున్నాయి, అందులో పెట్టెకి వాడిన ప్రాకృత మాట మజూస, అంటే మంజూష. శ్రైన్ మొదటి అర్థానికి తెలుగు నేల మీద ఇంతకంటే పాత సాక్ష్యం నాకు కనపడలేదు. కాబట్టి మీరు ఎప్పుడైనా కొలోన్ లాంటి దాని గురించి రాస్తే మందసం అనో మంజూష అనో ధైర్యంగా రాయండి, గుడి అని మాత్రం వద్దు.

మరి జపాన్‌కి? జింజాని జింజా అనే రాయమంటాను. గురుద్వారాని మనం ఎవరం అనువాదం చెయ్యలేదు, మసీదునీ దర్గానీ చెయ్యలేదు, చర్చిని చర్చే అంటున్నాం, వాడగా వాడగా అవన్నీ తెలుగు మాటలే అయిపోయాయి. మొదటిసారి వచ్చినప్పుడు షింటో మందిరం అని ఒక్క ముక్క చేరిస్తే చాలు. మందిరం ఎందుకంటే గుడి అనగానే మనకి గోపురం, ధ్వజస్తంభం కళ్ళ ముందుకొస్తాయి, మందిరం అంటే అంత ఖచ్చితమైన బొమ్మ రాదు. ఇంకో జాగ్రత్త, సెన్సోజిలో జి అంటేనే ఆలయం, సెన్సోజి టెంపుల్ అని రాస్తే ఆలయం ఆలయం అన్నట్టు అవుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “అసాకుసాలో సెన్సోజి అనే బౌద్ధ ఆలయం ఉంది, దాని పక్కనే అసాకుసా జింజా అనే షింటో మందిరం.” ఆ తర్వాత వ్యాసం పొడుగునా ఒకదాన్ని ఆలయం అనండి, రెండోదాన్ని జింజా అనండి.